రక్తం పట్టాలంటే: చేయవలసినవి, చేయకూడనివి

"ఆడవాళ్లన్నాక ఆ మాత్రం నీరసం మామూలే" అనే మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్లలో అరుదు. లెక్కలు చూస్తే మామూలే మరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. సగానికి పైగా జనంలో ఉన్నదాన్ని ఎవరూ జబ్బుగా చూడరు. దీనితో వచ్చిన అసలు చిక్కు అదే.

నేను బడిలో పాఠాలు చెబుతాను. హిమోగ్లోబిన్ 7.8 అని తేలేనాటికి మేడ మీది తరగతికి ఒక్క ఊపున ఎక్కలేకపోయేదాన్ని. మెట్ల మధ్యలో ఆగి, ఎవరైనా ఎదురైతే ఫోను చూసుకుంటున్నట్టు నిలబడేదాన్ని. అక్కడి నుంచి 12 దాటేదాకా డాక్టరమ్మ చెప్పినవీ, ఒంటికి తెలిసొచ్చినవీ ఇక్కడ వరసగా పెడుతున్నాను. అన్నిటికీ మూలం ఒకటే. రక్తహీనత అంటే లోపల ఇంకేదో జరుగుతోందని ఒళ్లు చూపించే గుర్తు. ట్యాంకు నిండాలంటే మోటారు వేస్తే చాలదు, కారుతున్న కుళాయి ఎక్కడుందో చూసి కట్టాలి. మాత్ర మోటారు పని చేస్తుంది. కుళాయిని వెతకనిదే ఎన్ని మాత్రలు మింగినా మళ్లీ మొదటికే వస్తాం.

అనుమానం వచ్చినప్పుడు

చేయవలసినవి

• మెట్లెక్కితే ఆయాసం, కాస్త పనికే గుండె దడ, మధ్యాహ్నానికే వాడిపోవడం, తరచూ తలనొప్పి, రాత్రి పడుకున్నాక కాళ్లు లాగడం, జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారి మధ్యలో గుంటపడటం. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే రక్తపరీక్ష చేయించుకోండి. చామనఛాయ ఒంటి మీద పాలిపోవడం అంత తేలిగ్గా తెలియదు. పగటి వెలుతురులో, కింది కనురెప్పను కొద్దిగా లాగి అద్దంలో చూసుకోండి. లోపలి పొర ఎర్రగా ఉండాలి. తెల్లబారి ఉంటే పరీక్ష వాయిదా వేయకండి.

• తినకూడనివి తినాలనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. బియ్యం కడుగుతూ గుప్పెడు నోట్లో వేసుకోవడం, బలపాలు, మట్టి, గోడ సున్నం, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు. ఐరన్ లోపంలో ఇది బాగా తెలిసిన లక్షణం. నాకైతే తరగతిలో సుద్దముక్క విరిగినప్పుడు లేచే వాసనకే నోరూరేది. పిల్లలు రాకముందే సుద్దముక్కల డబ్బా మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసేదాన్ని. "బియ్యం తింటారా, బలపాలా?" అని డాక్టరమ్మ ఆకలి ఎలా ఉందని అడిగినంత మామూలుగా అడిగారు కాబట్టి నోరు విప్పాను. మందు మొదలైన కొద్ది వారాలకే ఆ యావ పోయింది. అప్పటికి హిమోగ్లోబిన్ ఇంకా పెద్దగా పెరగనేలేదు.

చేయకూడనివి

• సత్తువ లేదని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సెలైన్ పెట్టించుకోకండి. ఆ సీసాలో ఉండేది ఉప్పునీళ్లో, గ్లూకోజు నీళ్లో. ఆ పూటకు హుషారుగా అనిపించవచ్చు గానీ రక్తం చుక్క కూడా పెరగదు. రక్తం మరీ తగ్గి గుండె మీద భారం పడుతున్నవాళ్లకు ఆ నీళ్లే ముప్పు తెస్తాయి.

• లావుగా ఉన్నాను కాబట్టి నాకు రక్తం తక్కువ ఉండదు అనుకోకండి. ఒంటి బరువు ఎక్కువున్నంత మాత్రాన ఐరన్ నిల్వలు ఎక్కువున్నట్టు కాదు.

• శిబిరాల్లో వేలు గుచ్చి చెప్పిన అంకెతోనే తీర్మానానికి రాకండి. రక్తం రావడం లేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి అంకె మారుతుంది. తక్కువ వచ్చినా, అనుమానం ఉండి బాగానే వచ్చినా, నరం నుంచి తీసిన రక్తంతో మరోసారి చూపించుకోండి.

రిపోర్టు చేతికొచ్చాక

చేయవలసినవి

• రక్తకణాల పూర్తి పరీక్షకు మన ల్యాబుల్లో సీబీపీ అని అడిగితే చాలు, అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం హిమోగ్లోబిన్ గర్భం లేని స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాములు, గర్భిణికి మొదటి నెలల్లో 11, మగవాళ్లకు 13. అంతకంటే తగ్గితే రక్తహీనతే. "11 ఉందిగా, పర్వాలేదు" అని మనకు మనం మార్కులు వేసుకోకూడదు.

• హిమోగ్లోబిన్ దగ్గరే ఆగకుండా ఇంకొంచెం కిందికి చదవండి. అక్కడ ఎంసీవీ అని ఉంటుంది. అది ఎర్రకణం పరిమాణం. 80 కంటే తగ్గితే కణాలు చిన్నవైనట్టు, 100 దాటితే పెద్దవైనట్టు. చిన్నవైతే ఐరన్ లోపమో, తలసీమియా మైనరో అని చూస్తారు. పెద్దవైతే బీ12, ఫోలిక్ ఆమ్లం లోపం వైపు చూస్తారు. నా రిపోర్టులో అది 64. డాక్టరమ్మ పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, "ఇది నిన్నా మొన్నా చిన్నది కాలేదమ్మా, చాలాకాలంగా రక్తం పోతూనే ఉంది" అన్నారు. తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలన్నీ నెలసరి గురించే.

• వీలైతే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. అది ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెబుతుంది. పెద్దవాళ్లలో 15 కంటే తగ్గితే నిల్వలు అడుగంటినట్టే. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోపంగానే తీసుకుంటారు. జ్వరం, వాపు జబ్బులు ఉన్నప్పుడు ఇది పైకి పెరిగి కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి.

• ఐరన్ నిల్వలు బాగానే ఉండి కణాలు చిన్నవిగా ఉంటే తలసీమియా మైనర్ కోసం హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష అడగండి. ఆ మనిషికి దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. భార్యాభర్తలిద్దరికీ అదే ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు జాతకాలతోపాటు ఈ కాగితం కూడా చూసుకోవడం మేలు. గిరిజన ప్రాంతాల వాళ్లు సికిల్ సెల్ పరీక్ష చేయించుకోవాలి. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ పరీక్షలు ఉచితంగా జరుగుతున్నాయి.

చేయకూడనివి

• పక్కింటి వాళ్ల మందుచీటీ పట్టుకెళ్లి అవే మాత్రలు కొనకండి. తలసీమియా లాంటివి ఉన్నవాళ్లు లోపం లేకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగితే అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది.

• బీ12 సంగతి తేల్చకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే పెద్ద మోతాదులో వాడకండి. హిమోగ్లోబిన్ అంకె బాగుపడుతుంది గానీ, లోపల నరాలు దెబ్బతినడం ఆగదు. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, నాలుక నున్నబడి మండటం ఉంటే బీ12 చూపించుకోండి. పూర్తి శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఏళ్లుగా గ్యాస్ మాత్రలు మింగేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫోలిక్ ఆమ్లం అంటే గుర్తొచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరులను పోగొట్టుకున్నారు. ఆ జబ్బులో పేగు పోషకాలను పీల్చుకోలేక రక్తహీనత కూడా వస్తుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఈరోజు ఏఎన్‌ఎం మన చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఐరన్‌తోపాటు ఉండేది అదే.

• షుగరు ఉన్నవాళ్లు రక్తహీనత సమయంలో వచ్చిన మూడు నెలల షుగరు సగటు అంకెను ఉన్నదున్నట్టు నమ్మేయకండి. ఐరన్ లోపంలో అది ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చు. షుగరు మందు మోతాదు పెంచేముందు డాక్టరుకు రక్తహీనత సంగతి చెప్పండి.

ఐరన్ మాత్ర దగ్గర

చేయవలసినవి

• పరగడుపున, లేదా తిన్న రెండు గంటల తర్వాత, నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. నిమ్మ, ఉసిరి, జామ వంటి వాటిలోని సి విటమిన్ ఐరన్‌ను పేగు పీల్చుకునే రూపంలో ఉంచుతుంది. నాకు పొద్దున్నే టీ లేనిదే కళ్లు తెరుచుకోవు కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే పద్ధతి కుదిరింది. ఎవరి ఇంటి వేళలను బట్టి వాళ్లు చూసుకోవచ్చు.

• కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. గ్యాస్ మందుకూ అంతే. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. కొన్ని యాంటీబయాటిక్స్‌తో కూడా ఇది పడదు, మందుల షాపులో అడిగి తెలుసుకోండి.

• కడుపులో తిప్పినా, మలబద్ధకం వచ్చినా మాత్ర మానేయకుండా డాక్టరుకు చెప్పండి. రకం మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, కొంచెం తిన్నాక వేసుకోమనవచ్చు. రోజు విడిచి రోజు వేసుకోమనే డాక్టర్లు ఇప్పుడు పెరిగారు. దానికి కారణం ఉంది. ఒక మోతాదు ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది ఒక రోజుపాటు పేగు ద్వారం మూసినంత పని చేస్తుంది. ఐరన్ నిల్వలు తగ్గిన యువతుల మీద స్విట్జర్లాండ్ పరిశోధకులు చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, రోజు విడిచి రోజు ఇచ్చినప్పుడే ప్రతి మోతాదులోనూ ఎక్కువ వంతు ఒంటికి పట్టింది. గర్భిణులు మాత్రం సొంతంగా ఇలా మార్చుకోకూడదు.

• మందు మొదలైన నెలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే వెతకాల్సినవి ఇవి: మాత్ర నిజంగా వేసుకుంటున్నామా, టీతోనో పాలతోనో వేసుకుంటున్నామా, రక్తం ఇంకా పోతోందా, అసలు ఇది ఐరన్ లోపమేనా.

• హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా ఇంచుమించు మూడు నెలలు వాడండి. ముందు రక్తం నిండుతుంది, ఆ తర్వాతే నిల్వలు నిండుతాయి. ఒంట్లో హుషారు వచ్చింది కదా అని చాలామంది ఆపేసేది సరిగ్గా ఇక్కడే.

చేయకూడనివి

• టీ, కాఫీ, పాలు, పెరుగుతో మాత్ర మింగకండి. ముందూ వెనకా గంట విడవండి.

• మలం నల్లగా వచ్చిందని కంగారు పడకండి. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. అయితే మాత్ర మొదలుపెట్టక ముందే నల్లగా ఉన్నా, తారులా జిగటగా దుర్వాసనతో వచ్చినా అది కడుపులో రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చేయకండి.

• పిల్లలకు అందేచోట పెట్టకండి. ఎర్రగా నిగనిగలాడే ఐరన్ మాత్రను పసివాళ్లు జెమ్స్ బిళ్ల అనుకుంటారు. గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు తగ్గి తేరుకున్నట్టు కనిపించినా ఆ తర్వాత గంటల్లో పరిస్థితి విషమించవచ్చు. మింగారని అనుమానం వస్తే చాలు, ఖాళీ అట్ట పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

• ఒకరోజు మరిచిపోయామని మర్నాడు రెండు వేసుకోకండి.

• "ఇదంతా ఎవరు వాడతారు, ఒక బాటిల్ రక్తం ఎక్కించేయండి" అని డాక్టరును బలవంతపెట్టకండి. ఒక సంచి రక్తంతో పెరిగేది సుమారు ఒక గ్రాము. అత్యవసరం ఉన్నవాళ్లకే దాన్ని వదిలిపెట్టాలి. మాత్ర సరిపడని వాళ్లకు, సమయం తక్కువ ఉన్న నిండు గర్భిణులకు నరం ద్వారా ఇచ్చే ఐరన్ సుక్రోజ్, ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ ఉన్నాయి. అవి కూడా ఆసుపత్రిలో డాక్టరు కళ్లెదుటే ఎక్కించుకోవాలి. ఇంటికి మనిషిని పిలిపించి పెట్టించుకునేవి కావు.

వంటింట్లో

చేయవలసినవి

• ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం వయసులో ఉన్న స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మగవాడికి 19. ఉలవలు, సజ్జలు, నువ్వులు, శనగలు, ఆకుకూరలు రోజువారీ తిండిలో ఉండేలా చూసుకోండి. మాంసాహారులకు కాలేయం, మాంసం, చేపల్లోని ఐరన్ తేలిగ్గా పడుతుంది. గర్భిణులు మాత్రం కాలేయం మితంగా తినాలి, అందులో ఏ విటమిన్ మరీ ఎక్కువ.

• పళ్లెంలో పులుపు చేర్చండి. తోటకూర వేపుడు మీద నిమ్మకాయ పిండడం, పప్పన్నంలో ఉసిరికాయ పచ్చడి కలుపుకోవడం, భోజనం చివర జామకాయ ముక్క. ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి చేరడానికి ఇది చాలా సాయం.

• పప్పులు, గింజలు నానబెట్టి, మొలకెత్తించి, పులియబెట్టి వాడండి. గింజలలో ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు అలా తగ్గుతాయి. ఇడ్లీ పిండి రాత్రంతా పులియడంలో ఈ లాభం కూడా ఉంది.

• పులుసు కూరలు ఇనప మూకుడులో వండండి. చింతపండు, టమాటా పులుపుకి కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి.

చేయకూడనివి

• బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉన్నాయని వాటి రసమే వైద్యం అనుకోకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చూడండి. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా లేదు, దానిమ్మలో అంతకంటే తక్కువ. ఉలవల్లో 8 మిల్లీగ్రాములకు పైనే. దానిమ్మ తినండి, మంచి పండే. ఆ డబ్బుకు ఉలవచారు కూడా కాచుకోండి. నన్ను చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ దానిమ్మకాయలే తెచ్చారు. ఒక్కరూ ఉలవలు తేలేదు.

• అన్నం తినగానే టీ తాగకండి. టీలోని టానిన్లు భోజనంలోని ఐరన్‌ను పట్టేస్తాయి. గంట ఆగండి.

• రేషన్ బియ్యం నానబోస్తే తేలే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేయకండి. ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన పిండితో బియ్యపు గింజ ఆకారంలో చేసినవి అవి. 2021లో ప్రకటించి, దశలవారీగా ప్రభుత్వ పథకాల బియ్యంలో వంద కిలోలకు కిలో చొప్పున కలపడం మొదలుపెట్టారు.

• తిండితోనే సరిచేసుకుంటానని పట్టుపట్టకండి. రక్తహీనత రాకుండా ఆపడం తిండికి చేతనవుతుంది. 7, 8 దగ్గర ఉన్న హిమోగ్లోబిన్‌ను 12కు తేవడం ఒక్క తిండితో అయ్యే పని కాదు.

• ఇంట్లో ఆడవాళ్లు అందరి తర్వాత, మిగిలిన దానితో తినే అలవాటును కొనసాగించకండి. మాంసం ముక్కలు మగవాళ్ల కంచంలోకీ, పులుసు ఆమె కంచంలోకీ పోయే ఇంట్లో మాత్రలతోనే అంతా సర్దుకోదు.

నెలసరి విషయంలో

చేయవలసినవి

• ఏడు రోజులు దాటి కొనసాగినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, రాత్రిళ్లు పక్క తడుస్తున్నా అది ఎక్కువ రక్తస్రావమే. స్కానింగ్ చేయించుకోండి. నా విషయంలో కారణం గర్భసంచిలో పెరిగిన గడ్డ. అంతకుముందు చూపించుకున్న చోట బలం టానిక్ రాసిచ్చారు గానీ నెలసరి ఎన్నాళ్లుంటుందని ఎవరూ అడగలేదు.

• డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. తేదీలు, ఎన్ని ప్యాడ్లు, గడ్డలు ఎంతున్నాయి అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళితే పని తేలికవుతుంది. "కొంచెం ఎక్కువే అవుతుందండీ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

చేయకూడనివి

• రక్తం పోతోందనగానే గర్భసంచి తీయించుకోవడానికి తలూపకండి. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలో మన రెండు రాష్ట్రాలే ముందు వరసలో ఉన్నాయి. ముప్పైల్లోనే ఆ ఆపరేషన్ అయిపోయినవాళ్లు పల్లెల్లో ఎందరో. రక్తస్రావం తగ్గించే మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ వంటి దారులున్నాయి. అవేవీ చెప్పకుండా తేదీ ఖాయం చేస్తుంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా బలహీనపడతాయి.

• "అందరికీ అంతే, నాకూ అలాగే అయ్యేది" అని కూతురికి సర్దిచెప్పకండి. తల్లికి ఉన్నది కూతురికి ఉంటే ఇద్దరికీ పరీక్ష అవసరమని అర్థం.

గర్భిణులు, బాలింతలు, పిల్లలు

చేయవలసినవి

• నాలుగో నెల నుంచి 180 రోజులు రోజుకొక ఎర్ర మాత్ర, కాన్పయ్యాక మరో 180 రోజులు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది ఇదే. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే డాక్టరు మోతాదు పెంచుతారు. కాల్షియం మాత్రలు కూడా ఒకేసారి చేతికి ఇస్తారు కాబట్టి రెండూ ఒకే గుక్కలో మింగేవాళ్లు ఎక్కువ. కాల్షియం భోజనంతో, ఐరన్ రెండు గంటలు ఎడంగా వేసుకోవాలి.

• బడి పిల్లలకు వారానికోసారి ఇచ్చే మాత్ర వేయించండి. 5 నుంచి 9 ఏళ్ల వాళ్లకు గులాబీ రంగు, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు నీలం రంగు. మా తరగతిలో మధ్యాహ్న భోజనం అయ్యాక నా ఎదుటే వేసుకోమంటాను. ఖాళీ కడుపుతో వేస్తే ఒకరికి వాంతి వస్తుంది, ఆ భయంతో మిగతావాళ్లు కిటికీలోంచి విసిరేస్తారు.

• ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్రను పిల్లల చేత నమిలించండి. కొంకిపురుగులు పేగు గోడకు అతుక్కుని రోజూ కొంత రక్తం పీలుస్తాయి. తడి మట్టిలో చెప్పులు లేకుండా తిరిగితే పాదాల గుండా ఒంట్లోకి వస్తాయి. పొలం పనులకు వెళ్లేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

చేయకూడనివి

• ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందనీ చెప్పే మాటలు వినకండి. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రమాదమే.

• ఏడాది నిండని బిడ్డకు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా పెట్టకండి. వాటిలో ఐరన్ బహుతక్కువ. ఆరు నెలలు నిండగానే పప్పు, ఆకుకూర, గుడ్డు మెత్తగా చేసి అలవాటు చేయండి. పూట పూటకీ పాలసీసా తాగి అన్నం మానేసే రెండేళ్ల పిల్లల్లోనూ రక్తం తగ్గుతుంది.

మగవాళ్లు, పెద్దవాళ్లు

చేయవలసినవి

• మగవాళ్లలో, ముట్లుడిగిన స్త్రీలలో ఐరన్ లోపం కనిపిస్తే కడుపు, పేగుల పరీక్ష తప్పనిసరి అనుకోండి. మొలలు, అల్సర్, కీళ్లనొప్పులకు ఏళ్లుగా మింగిన నొప్పి మాత్రలు, కొన్నిసార్లు పెద్దపేగు క్యాన్సర్ ఇలాగే బయటపడతాయి. నొప్పిలేకుండా, కంటికి కనిపించకుండా రోజూ కొంచెం కొంచెం పోయే రక్తం అంకెలోనే ముందు తెలుస్తుంది.

• కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రక్తహీనత వేరే దారిలో వస్తుంది. ఎర్రకణాలు తయారవ్వమని ఎముక మూలుగకు కబురు పెట్టే హార్మోన్ కిడ్నీలోనే పుడుతుంది. దానికి చికిత్స వేరు.

చేయకూడనివి

• "వయసు మీద పడింది, రక్తం తగ్గదా మరి" అని వదిలేయకండి. వయసు వల్లనే ఎనిమిదికో తొమ్మిదికో పడిపోదు.

• హిమోగ్లోబిన్ 12.5 లేకుండా రక్తదానం చేయకండి. దానానికీ దానానికీ మధ్య మగవాళ్లు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు

• కూర్చున్నచోటే ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కాళ్లకు నీరు, ఆగకుండా గుండె దడ.
• తారులాంటి మలం, రక్తపు వాంతి, ఆగని నెలసరి.
• హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ. గర్భిణి అయితే వసతులున్న పెద్దాసుపత్రికే వెళ్లాలి, అక్కడే కాన్పుకు ఏర్పాటు చేసుకోవాలి.

ఇలాంటప్పుడు రోగిని నడిపించకండి, బండి మీద ఒంటరిగా పంపకండి. వాడుతున్న మందులన్నీ ఒక కవరులో వేసుకుని, 108కి ఫోన్ చేయండి.

కోలుకున్నాక

చేయవలసినవి

• మాత్రలు ఆపిన మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి సీబీపీ చేయించుకోండి. కారణం తీరకపోతే అంకె మళ్లీ కిందికి జారుతుంది, మనకు తెలిసేలోపే మెట్ల మీద ఆయాసం మొదలవుతుంది.

• ఇంట్లో ఒకరికి తేలితే మిగతావాళ్లకూ చేయించండి. అదే వంట, అదే టీ అలవాటు, అదే రక్తసంబంధం. మా ఇంట్లో నా తర్వాత పరీక్షకు కూర్చున్న మా అత్తయ్యకు బీ12 లోపం దొరికింది. అరికాళ్ల మంటలను అప్పటిదాకా ఆవిడ వాతం ఖాతాలో వేసుకున్నారు.

చేయకూడనివి

• పాత రిపోర్టులు పారేయకండి. ఒక్క అంకెను చూసి డాక్టరు చెప్పగలిగింది కొంతే. రెండేళ్ల అంకెలు వరసగా ముందుంటే రక్తం ఎప్పుడు, ఎంత వేగంగా తగ్గిందో తెలుస్తుంది, కారణం సగం అక్కడే దొరుకుతుంది. ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నా చాలు. ఎంసీవీ వరస కూడా ఫొటోలో పడేలా తీయండి.